స్పష్టతకు మసక తోడైతే: పూల ఫొటోల వెనుక కాంతిశాస్త్రం

రేక మందారాన్ని ఎదురుగా, దగ్గర నుంచి ఫొటో తీయబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. పువ్వు నడుమ నుంచి అయిదారు సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చిన కాడ ఒకటి ఉంటుంది. దాని కొసన అయిదు ఎర్రని కీలాగ్రాలు, వాటి కింద పసుపుపచ్చని పుప్పొడితో నిండిన కేసరాలు ఉంటాయి. వాటి మీద ఫోకస్ చేస్తే వెనకున్న రేకలు మసకబారతాయి. రేకల మీద చేస్తే కేసరాలు ఎర్రటి మబ్బులో పసుపు మరకల్లా కనిపిస్తాయి. ఈ మసకను తప్పించుకోవడానికే ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా తంటాలు పడతారు.

కొందరు మాత్రం దాన్ని కావాలనే తెచ్చుకుంటారు. కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలిపి, అదే పువ్వును రెండుసార్లు తీస్తారు. మొదటిసారి పూర్తి స్పష్టంగా, రెండోసారి ఫోకస్ బాగా తప్పించి తీసి, ఆ రెంటినీ ఒకటిగా కలుపుతారు. బాగున్న ఫొటోను పాడైన ఫొటోతో కలిపితే సగం పాడైన ఫొటో రావాలి. వచ్చేది అలా ఉండదు. రేకల అంచులు, ఈనెలు స్పష్టంగానే ఉంటాయి, వాటి చుట్టూ మెత్తని వెలుగు పరుచుకుంటుంది. ఇది ఎలా సాధ్యం? ఈ అందం కోసం పువ్వు గురించిన సమాచారాన్ని ఎంత వదులుకోవలసి వస్తుంది? రెండు ప్రశ్నలకూ కాంతిశాస్త్రం లెక్కగట్టి జవాబు చెబుతుంది.

మసక ఎక్కడిది?

పువ్వు మీది ప్రతి బిందువు నుంచి బయలుదేరిన కాంతి లెన్సు గుండా వెళ్లి మళ్లీ ఒక బిందువు దగ్గర కలుస్తుంది. ఆ కలిసే చోటు సరిగ్గా సెన్సర్ మీద పడితే బిందువు బిందువుగానే నమోదవుతుంది. సెన్సర్‌కు కాస్త ముందో వెనకో పడితే బిందువు చిన్న వృత్తంగా విస్తరిస్తుంది. ఇలాంటి వృత్తాలు లక్షల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి పడడమే మసక. లెన్సులోని రంధ్రం, అంటే ఎపర్చర్, ఎంత పెద్దదైతే ఈ వృత్తాలూ అంత పెద్దవవుతాయి.

పది సెంటీమీటర్ల వెడల్పున్న మందారం ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఫ్రేము నిండా పట్టాలంటే సెన్సర్ మీద బింబం అసలు పరిమాణంలో దాదాపు నాలుగో వంతు ఉండాలి. సెన్సర్ మీద 0.03 మిల్లీమీటర్ల వరకు వృత్తాన్ని స్పష్టంగానే లెక్కవేసుకుంటే, ఎఫ్/2.8 ఎపర్చర్ వద్ద స్పష్టంగా పడే లోతు సుమారు 3.4 మిల్లీమీటర్లు మాత్రమే. ఎపర్చర్‌ను బాగా మూసి ఎఫ్/16కి తెస్తే అది 19 మిల్లీమీటర్లవుతుంది. మందారం కాడ పొడవుకు అదీ చాలదు.

ఇంకా మూసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడ కాంతి తరంగ స్వభావం అడ్డుపడుతుంది. ఇరుకైన రంధ్రం గుండా వెళ్లే కాంతి పక్కలకు వంగుతుంది. దీన్నే వివర్తనం అంటారు. పై ఉదాహరణలో ఎఫ్/16 వద్ద, ఆకుపచ్చ కాంతికి, వివర్తనం వల్ల ప్రతి బిందువూ సుమారు 0.027 మిల్లీమీటర్ల చుక్కగా మారుతుంది. ఎఫ్/32 వద్ద ఆ చుక్క 0.054 మిల్లీమీటర్లు. అంటే లోతు 38 మిల్లీమీటర్లకు పెరిగినా, పువ్వంతా ఒకే తీరున కొద్దిగా మసకబారుతుంది. మసక పూర్తిగా లేని మందారం ఫొటో ఒక్క క్లిక్కులో దొరకదు. మసక ఎక్కడ, ఎంత ఉండాలన్నదే ఫొటోగ్రాఫర్ చేతిలో ఉంటుంది.

ఒకే చట్రంలో రెండు స్లైడ్లు

ఫిల్ము రోజుల్లో ఈ కలయికకు పేరు తెచ్చినవాడు కెనడా ఫొటోగ్రాఫర్ మైకేల్ ఆర్టన్. 1980ల మధ్యలో ఆయన ఒకే దృశ్యాన్ని స్పష్టంగా ఒకసారి, ఫోకస్ తప్పించి మరోసారి స్లైడ్ ఫిల్ము మీద తీసి, రెండు స్లైడ్లనూ ఒకే చట్రంలో ఒకదాని మీద ఒకటి బిగించాడు. స్పష్టమైన స్లైడు కలంతో గీసిన గీతల్లా, మసక స్లైడు నీటిరంగుల పూతలా పనిచేసింది. ఈ పద్ధతి ఇప్పటికీ ఆర్టన్ ఎఫెక్ట్ పేరుతోనే చలామణిలో ఉంది.

రెండు స్లైడ్లను దాటి వచ్చే కాంతి బాగా తగ్గిపోతుంది కాబట్టి ఒక్కో స్లైడును మామూలు కంటే పలచగా, అంటే ఎక్కువ వెలుతురు పట్టేలా తీయాలి. విడిగా చూస్తే రెండూ వెలిసిపోయినట్టు ఉంటాయి. కలిపి చూస్తేనే నిండుదనం వస్తుంది.

ఆ ఊహకు పూర్వరూపం అంతకు ముందే ఉంది. 1930లలో వచ్చిన ఇమాగాన్ వంటి సాఫ్ట్ ఫోకస్ లెన్సులు స్పష్టమైన బింబాన్నీ, దాని చుట్టూ పలచని మసకనూ ఒకే క్లిక్కులో ఇచ్చేవి. లెన్సు నడిమి భాగం నుంచి వచ్చే కాంతి, అంచుల నుంచి వచ్చే కాంతి ఒకే చోట కలవకపోవడాన్ని గోళీయ విపథనం అంటారు. మామూలుగా లోపంగా భావించే ఈ గుణాన్ని ఆ లెన్సుల్లో కావాలని కొంత ఉంచారు. మంచు పట్టిన తెల్లవారుజామున వీధిదీపం చుట్టూ కనిపించే వెలుగు వలయంలోనూ ఇలాంటి కలయికే ఉంది. దీపం నుంచి నేరుగా కంటికి చేరే కాంతికి, మంచు బిందువుల మీద చెదిరి వచ్చే కాంతి తోడవుతుంది.

వివరం ఎందుకు మిగులుతుంది?

అసలు కిటుకు ఇక్కడుంది. రేక మీది ఈనెలను పక్కపక్కన గీసిన నలుపు తెలుపు గీతలుగా ఊహించుకుందాం. గీతలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయన్నది నలుపుకూ తెలుపుకూ ఉన్న తేడా, అంటే కాంట్రాస్ట్, ఎంత మిగిలిందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఫోకస్ తప్పిన ఫొటోలో ఒక్కో బిందువు, రేక మీద కొలిస్తే, ఒక మిల్లీమీటరు వ్యాసమున్న వృత్తంగా పరుచుకుందనుకుందాం. ఒక సెంటీమీటరుకు ఒకసారి వచ్చే వెడల్పాటి చారలకు ఈ మసక ఏమీ చేయలేదు. వాటి కాంట్రాస్ట్ దాదాపు 99 శాతం మిగులుతుంది. చారలు దగ్గరయ్యేకొద్దీ అది పడిపోతూ, 0.82 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున ఉన్న చోట సున్నా అవుతుంది. అక్కడ చారలే ఉండవు, చదునైన బూడిదరంగు మాత్రమే ఉంటుంది. అంతకన్నా సన్నని చారల దగ్గర విచిత్రం జరుగుతుంది. 0.61 మిల్లీమీటర్ల దగ్గర చారలు 13 శాతం కాంట్రాస్ట్‌తో మళ్లీ కనిపిస్తాయి, కానీ తలకిందులుగా. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా, తెల్లగా ఉండాల్సిన చోట నల్లగా ఉంటాయి. అంటే ఫోకస్ తప్పిన ఫొటో కొంత సమాచారాన్ని చెరిపేస్తుంది, కొంత తప్పుగా చూపిస్తుంది.

ఇప్పుడు స్పష్టమైన ఫొటోనూ దీన్నీ సగం సగం కలుపుదాం. స్పష్టమైన ఫొటోలో అన్ని చారలకూ నూరు శాతం కాంట్రాస్ట్ ఉందనుకుంటే, కలిపిన చిత్రంలో వెడల్పాటి చారలకు 99 శాతానికి పైగా మిగులుతుంది. మసకలో పూర్తిగా మాయమైన 0.82 మిల్లీమీటర్ల చారలకు 50 శాతం, తలకిందులైన 0.61 మిల్లీమీటర్ల చారలకు కూడా 43 శాతం మిగులుతుంది. అంతకన్నా సన్నని వివరాలకు ఈ శాతం 50కి అటూ ఇటూ ఊగుతూ 50 దగ్గర స్థిరపడుతుంది. ఎక్కడా సున్నా కాదు, ఎక్కడా నలుపు తెలుపులు తారుమారు కావు.

కలిపిన చిత్రం పాడైనట్టు కనిపించకపోవడానికి కారణం ఇదే. పెద్ద ఆకారాల, రంగుల కాంట్రాస్ట్ ఉన్నదున్నట్టు ఉంటుంది. సన్నని వివరాల కాంట్రాస్ట్ సుమారు సగానికి తగ్గుతుంది. అంచు ఎక్కడుందో కనిపెట్టడానికి కంటికి ఆ సగం చాలు. మసక ఒక్కటే ఉంటే వివరం పోతుంది. స్పష్టతతో కలిసినప్పుడు వివరం పోదు, మెత్తబడుతుంది.

కూడిక వేరు, గుణకారం వేరు

రెండు చిత్రాలను కలపడానికి రెండు దారులున్నాయి. వాటి ఫలితాలు ఒకటి కావు.

ఒకే ఫిల్ము ముక్క మీద రెండుసార్లు తీస్తే, లేదా డిజిటల్ కెమెరాలో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ సదుపాయం వాడితే, రెండు చిత్రాల కాంతి కూడుతుంది. ఫొటో మరీ వెలిసిపోకుండా ఒక్కో దానికి సగం కాంతి ఇస్తారు. ఆర్టన్ పద్ధతిలో స్లైడ్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొదటి స్లైడు సగం కాంతిని, రెండోది అందులో సగాన్ని వదిలితే చివరికి వచ్చేది నాలుగో వంతు. ఇది గుణకారం.

చీకటి నేపథ్యం ముందు తెల్లని పువ్వు ఉందనుకుందాం. రేక వెలుగు 90 శాతం, నేపథ్యం 10 శాతం, మసక చిత్రంలో సరిగ్గా అంచు దగ్గర వెలుగు 50 శాతం. కూడిక పద్ధతిలో అంచుకు ఆనుకుని బయట వెలుగు 10 నుంచి 30 శాతానికి పెరుగుతుంది, లోపల 90 నుంచి 70కి తగ్గుతుంది. పువ్వు నుంచి వెలుగు బయటికి పొంగినట్టు కనిపిస్తుంది. గుణకార పద్ధతిలో రేక మధ్యభాగం 81 శాతం ఉంటే అంచు లోపల 45కి పడిపోతుంది. నేపథ్యం 1 శాతం ఉన్న చోట, అంచు బయట 5 మాత్రమే అవుతుంది. ఇక్కడ వెలుగు బయటికి పొంగడం కన్నా చీకటి లోపలికి జారడమే ఎక్కువగా కనిపిస్తుంది. చీకటి ముందున్న మల్లె, నందివర్ధనం వంటి తెల్లని పువ్వుల చుట్టూ వెలుగు వలయం కావాలనుకునేవారికి కూడిక నప్పుతుంది. రంగులు చిక్కబడాలనుకునేవారికి గుణకారం నప్పుతుంది.

రంగులు చిక్కబడడమూ లెక్కే. ఒక రేక ఎరుపు కాంతిని 80 శాతం, ఆకుపచ్చ, నీలాలను 40 శాతం చొప్పున చూపిస్తే ఎరుపు మిగతా వాటికి రెట్టింపు. దాన్ని దానితోనే గుణిస్తే ఎరుపు 64, మిగతావి 16 అవుతాయి. ఇప్పుడు ఎరుపు నాలుగు రెట్లు.

ఈ రోజుల్లో చాలామంది స్లైడ్ల పనిని ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నారు. చిత్రాన్ని స్క్రీన్ అనే పద్ధతిలో దానితోనే కలిపి ముందు పలచబరుస్తారు, తర్వాత దాని మసక నకలుతో మల్టిప్లై పద్ధతిలో గుణిస్తారు. మసక ప్రభావం లేని చదునైన చోట 0.5 వెలుగు మొదటి మెట్టులో 0.75, రెండో మెట్టులో 0.56 అవుతుంది. 0.2 చివరికి 0.13కు దిగుతుంది. 0.8 చివరికి 0.92కు పెరుగుతుంది. మధ్యస్థమైన వెలుగు దాదాపు అక్కడే ఉంటే, నీడలు ముదురుతాయి, వెలుగులు ఎగుస్తాయి. ఆర్టన్ చిత్రాలలోని నిండుదనానికి మసక ఎంత కారణమో ఈ గుణకారమూ అంతే కారణం.

మంచుబొట్టు చెప్పే తేడా

మసకను కెమెరాలోనే తీయాలా, తర్వాత కంప్యూటర్‌లో తయారుచేసుకోవాలా? రేక మీద మంచుబొట్టు ఉంటే తేడా వెంటనే తెలుస్తుంది. బొట్టులో మెరిసే సూర్యబింబం చుట్టూ ఉన్న రేక కన్నా ఎన్నో రెట్లు ప్రకాశవంతం. ఫోకస్ తప్పించినప్పుడు ఆ కాంతంతా సెన్సర్‌ను చేరకముందే వృత్తంగా పరుచుకుంటుంది. పరుచుకున్నాక కూడా అది ప్రకాశవంతంగానే ఉండి, చక్కని అంచున్న బిళ్లలా నమోదవుతుంది. స్పష్టమైన ఫొటోలో అదే మెరుపు సెన్సర్ గరిష్ఠ పరిమితిని దాటిపోతుంది. పరిమితికి పైనున్న కాంతి ఎంతో ఫైలులో ఉండదు. ఆ ఫొటోను సాఫ్ట్‌వేర్‌తో మసకబరిస్తే మిగిలిన కొద్ది విలువే చుట్టూ పంచబడి, మెరుపు పేలవమైన మరకగా మారుతుంది.

మరో తేడా లోతుకు సంబంధించింది. నిజమైన మసకలో ఫోకస్‌కు దూరంగా ఉన్న భాగం ఎక్కువగా, దగ్గరగా ఉన్నది తక్కువగా విస్తరిస్తుంది. చిత్రమంతటికీ ఒకే మసకను పూసే మామూలు సాఫ్ట్‌వేర్ సాధనానికి కేసరాలు ముందున్నాయో రేకలు ముందున్నాయో తెలియదు.

ఎరుపుతో జాగ్రత్త

కాంట్రాస్ట్ సగానికి తగ్గినా సమాచారం మిగులుతుందన్న పై లెక్కకు ఒక షరతు ఉంది. ఏ చోటా సెన్సర్ పరిమితి దాటకూడదు. ఎర్ర మందారం దగ్గర ఈ షరతు తరచూ తప్పుతుంది.

చాలా కెమెరాల సెన్సర్ల మీద, 1976లో బ్రైస్ బేయర్ పేటెంట్ పొందిన అమరికలో, రంగు జల్లెడలు ఉంటాయి. వాటిలో సగం ఆకుపచ్చవి, పావు వంతు ఎర్రవి, పావు వంతు నీలివి. ఎర్రని రేక నుంచి ఆకుపచ్చ, నీలం కాంతి చాలా తక్కువగా వస్తుంది. మొత్తం వెలుగును బట్టి చూస్తే ఫొటో సరిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఈలోగా ఎర్ర జల్లెడ కింది పిక్సెళ్లు నిండిపోతాయి. అప్పుడు రేక మీది ఈనెలు, మడతలు అన్నీ ఒకే ఎర్రటి ముద్దగా మారతాయి. అక్కడ పోయింది సగం కాదు, మొత్తం. ఏ కలయికా దాన్ని తిరిగి తేలేదు. అందుకే ఎర్రని పువ్వులకు కెమెరా తెర మీద ఎరుపు హిస్టోగ్రామ్‌ను విడిగా చూసుకుని, అవసరమైతే వెలుతురు తగ్గించి తీయాలి.

తీసేటప్పుడు

రెండు ఫొటోల మధ్య పువ్వు కదలకూడదు కాబట్టి గాలి లేని ఉదయం మంచి వేళ. మందారం సాధారణంగా ఒక్కరోజే నిలుస్తుంది, అందువల్ల రేపు చూద్దామనే వీలు లేదు. కెమెరాను స్టాండు మీద బిగించి, ఆటోఫోకస్ ఆపి, మొదటి ఫొటోను ఎఫ్/11 దరిదాపుల్లో స్పష్టంగా తీయాలి. రెండోదానికి ఎపర్చర్ తెరిచి, షట్టర్ వేగం అందుకు తగ్గట్టు పెంచి, పువ్వు ఆకారం ఆనవాలు దొరికేంత వరకే ఫోకస్ తప్పించాలి.

ఫోకస్‌ను ఎటు తిప్పామన్నదీ ముఖ్యమే. లెన్సు మొత్తంగా ముందుకు వెనక్కు కదిలే సాదా రకంలో, ఫోకస్‌ను దగ్గరికి తెస్తే బింబం కొద్దిగా పెద్దదవుతుంది, దూరానికి తిప్పితే చిన్నదవుతుంది. మసక బింబం పెద్దదైతే స్పష్టమైన పువ్వు చుట్టూ వెలుగు అమరుతుంది. చిన్నదైతే వెలుగు రేకల లోపలికి కుంచించుకుపోతుంది. లోపలి కటకాలు మాత్రమే కదిలే లెన్సుల్లో ఈ మార్పు వేరుగా ఉండవచ్చు, కాబట్టి రెండు వైపులా తిప్పి చూసుకోవడం మేలు.

అందమైన ఫొటో, ఆనవాలు పట్టే ఫొటో

ఈ కళకు సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచే పద్ధతి ఫోకస్ స్టాకింగ్. ఇందులో ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ అనేక ఫొటోలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోలోనూ కాంట్రాస్ట్ ఎక్కువగా ఉన్న భాగాన్ని మాత్రమే ఏరుకుని, మసకను వదిలేస్తుంది. అసలు పరిమాణంలో, ఎఫ్/2.8 వద్ద ఒక్కో ఫొటోలో స్పష్టంగా పడేది మిల్లీమీటరులో మూడో వంతే కాబట్టి, సెంటీమీటరు లోతున్న పువ్వుకు ముప్ఫైకి పైగా ఫొటోలు కావాలి. మొక్కల, కీటకాల నమూనాలను నమోదు చేసే పరిశోధకులకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఆ స్పష్టత వాళ్లకెందుకో ఊహించడం కష్టం కాదు. మొక్కను గుర్తించడంలో కాండం మీది నూగు, కేసరాల అమరిక, మందారం కుటుంబంలోనైతే రక్షక పత్రాల కింద ఉండే సన్నని పత్రాల వరుస వంటి చిన్న సంగతులు కీలకమవుతాయి. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనేచురలిస్ట్ వంటి వేదికల్లో మామూలు పౌరులు పెట్టే ఫొటోలు ఏ మొక్క ఎక్కడ, ఎప్పుడు పూసిందో చెప్పే ఆధారాలవుతున్నాయి. అక్కడికి ఆర్టన్ పద్ధతిలో కలిపిన ఫొటో చేరితే సన్నని నూగు కాంట్రాస్ట్ అప్పటికే తగ్గి ఉంటుంది. రంగు ఇంకా పెద్ద చిక్కు. ఎరుపు 90, ఆకుపచ్చ 70, నీలం 75 శాతంగా ఉన్న లేత గులాబీ రేక గుణకారం తర్వాత 81, 49, 56 అవుతుంది. పొలం గట్టున లేత గులాబీ రంగులో పూసిన పువ్వు రికార్డులో ముదురు గులాబీగా నమోదవుతుంది. పువ్వు రంగును బట్టి దగ్గరి జాతులను వేరుచేసేవారికి అది తప్పుదారి.

దీనికి పరిష్కారం కళను మానుకోవడం కాదు. కలిపిన చిత్రానికి ముడిసరుకుగా తీసిన స్పష్టమైన ఫొటో ఎలాగూ కార్డులో ఉంటుంది. కెమెరా రెంటినీ తనలోనే కలిపేసి ఒకే ఫైలు ఇచ్చే రకమైతే, దానికి ముందు మామూలు ఫొటో ఒకటి విడిగా తీసుకుంటే చాలు. గోడకు తగిలించడానికి కలిపిన చిత్రం, రికార్డుకు స్పష్టమైన ఫొటో. కలిపిన దాన్ని ఎవరికైనా పంపేటప్పుడు అది రెండు ఫొటోల కలయిక అని ఒక్క మాట జోడిస్తే, చూసేవారు ఆ వెలుగును పువ్వు లక్షణంగా పొరబడరు.